కొలత దిమ్మ

తూర్పు మెరకను ఎవడూ దొంగతనంగా తవ్వుకుపోలేదు. మేమే పిలిచాం. ఈ ముక్క దాచిపెట్టి మిగతాది చెప్పేవాళ్ళు బాపట్లలో ఉన్నారు, రేపల్లెలో ఉన్నారు, మా పల్లెలోనూ ఉన్నారు. వాళ్ళ లెక్కలో మేమంతా అమాయకులం, కాంట్రాక్టరు ఒక్కడే రాక్షసుడు. అదేం కాదు. రాక్షసుడికి దారి చూపించి, వాడు పెట్టిన బిర్యానీ తిని, చేతులు కడుక్కున్న వాళ్ళం మేం.

ఎందుకు పిలిచామో తెలియాలంటే మెరక అంటే ఏంటో తెలియాలి. రేపల్లె నుంచి సముద్రం వైపు వచ్చే కాలవకు చిట్టచివర ఉంటుంది మా ఊరు. కాలవకు అవతల పల్లం, రెండు పంటల వరి. ఇవతల ఇసుక మెరక. నీళ్ళు కళ్ళ ముందే పారతాయి గాని మెరక ఎక్కవు. అక్కడ పైరు పెట్టాలంటే దొరువు తవ్వుకోవాలి. దొరువంటే బావి కాదు. నడిచి దిగడానికి వీలుగా ఇసుకలో ఏటవాలుగా తవ్విన గుంట. వాన నీళ్ళు ఇసుకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పు నీళ్ళ మీద ఒక పొరలా నిలుస్తాయి. ఆ తీపి పొర అందేదాకానే తవ్వాలి. చెయ్యి తొందరపడి ఇంకాస్త తవ్వితే ఉప్పు పైకొస్తుంది. రెండు చేతులా రెండు కడవలు ముంచుకుని, గట్టెక్కి, వేరుశెనగకో చిలగడదుంపకో కనకాంబరాలకో పోసి, మళ్ళీ దిగాలి. పోసింది పోసినట్టు ఇసుక తాగేస్తుంది. మా ఆడవాళ్ళ భుజాలు ఒక్కొక్కటీ ఒక్కో ఎత్తున ఉండడానికి ఈ కడవలే కారణం.

అందుకే మా వైపు అందరి కోరికా ఒక్కటే. మెరక తీయించాలి. అంటే ఎత్తుగా ఉన్న ఇసుక తోడి అవతల పారేసి, పొలాన్ని కాలవ మట్టానికి దించాలి. వెనకటి రోజుల్లో పారలతో తవ్వి, ఎడ్లబండ్ల మీద తోలి తీసేవాళ్ళు. తండ్రి మొదలుపెట్టిన పొలం చెక్క కొడుకు చేతిలో ముగిసేది. పిల్లనిచ్చేవాళ్ళు "మెరక తీశారా?" అని అడిగేవాళ్ళు. తీశామంటే వరి అన్నం తినే ఇల్లన్నమాట.

ఇక తెనాలి సంగతి. అక్కడ ఊరు చుట్టూ ఉన్న మాగాణుల్లో వెంచర్లు వేస్తున్నారు. వరి పొలంలో ఇల్లు కట్టాలంటే ముందు దాన్ని పూడ్చి రోడ్డు ఎత్తుకు తేవాలి. వాళ్ళకు ఎత్తు కావాలి. మాకు పల్లం కావాలి. ఈ రెండు అవసరాల మధ్య ఒక మనిషి లారీలు పెట్టుకున్నాడు. పేరు శివనాగరాజు.

అతన్ని మా పల్లెకు తీసుకొచ్చింది కృపారావు. పల్లె అంటే ఊరికి ఎడంగా, ప్రార్థన మందిరం చుట్టూ ఉన్న కూలీల ఇళ్ళు. ఒకప్పుడు రేపల్లెలో ఆటో తోలేవాడు. తర్వాత స్థలాలు చూపించే పనిలో పడ్డాడు. తెల్లచొక్కా వేసుకుని వచ్చి, మందిరం అరుగు మీద అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

"మెరక ఉత్తినే తీసిపెడతారంట. ఇసుక వాళ్ళు తోలుకుంటారు, పల్లం మనకుంటది. పైమన్ను ఎటూ పోదు. ముందు ఒక చెక్క తవ్వుతారు. పైమన్ను తీసి పక్కన పెట్టి, కింద ఇసుక తోడతారు. తర్వాత రెండో చెక్క పైమన్ను తెచ్చి మొదటి చెక్కలో పరుస్తారు. మూడోదాంది రెండోదాంట్లో. అట్టా పోతానే ఉంటారు. చివర్న చూస్తే పొలం పొలంలాగే ఉంటది, కిందికి దిగుతదంతే."

"లిఫ్టులాగా," అన్నాడు కోటిలింగం. మెరకలో అందరికంటే పెద్ద చెక్క అతనిదే. అతనికి వరి పిచ్చి. పల్లంలో కౌలుకు చేసి చేసి, సొంత పొలంలో నాటు వేసే రోజు కోసం బతుకుతున్న మనిషి.

"అవును బాబాయ్, లిఫ్టే," అన్నాడు శివనాగరాజు. అతనికి అందరూ బాబాయిలే, పిన్నులే.

నడుము లోతు తీయాలని మాట. పర్మిషను కూడా అంతకే. అందరం ఒప్పుకున్నాం. ఒక్క రూతు తప్ప.

రూతు కృపారావుకు వదిన. అన్న పోయి చాలాకాలమైంది. ఆవిడకున్నది సర్కారు పట్టా ఇచ్చిన అర ఎకరం, సరిగ్గా మెరక నడిమధ్యలో. రోడ్డు మీంచి ఆ చెక్కదాకా గట్టులాంటి బాట ఒకటి పోతుంది, అదీ ఆవిడ పట్టాలోదే. ఆవిడ దొరువు మంచి దొరువు. బోరు నీళ్ళు ఉప్పు కాబట్టి, కాలవ కట్టేస్తే కుళాయి రాదు కాబట్టి, అది కట్టేసిన నాటి నుంచి పల్లె మొత్తం ఆ బాట వెంబడి బిందెలతో పోయి ఆ దొరువు నీళ్ళే తాగేది. రేవు నుంచి వచ్చి చేపలమ్మే పేరంటాలు అనే ఆవిడ కూడా రేపల్లె పోతూ పోతూ అక్కడే సీసా నింపుకునేది.

రూతు ముందుచూపుతో వద్దన్నదని ఇప్పుడు కొందరు చెబుతున్నారు. అబద్ధం. ఆవిడా తీయించుకోవాలనే అనుకుంది. జరిగిన మాటలు ఇవీ.

"ఏమ్మా, అందరివీ తీసి నీదొక్కటే వదిలేయమంటావా?" అన్నాడు శివనాగరాజు.

"వదలటం ఎందుకండి. నాదీ తీయండి. పూలు అయిపోయాక రండి."

"ఎప్పుడు అయిపోతాయి?"

"కనకాంబరాలు కదండి. పెళ్ళిళ్ళున్నన్నాళ్ళూ కోత్తానే ఉంటాం."

"ఎవరి పెళ్ళిళ్ళమ్మా?"

"రేపల్లోళ్ళవి. అయ్యి అయిపోతే భట్టిప్రోలోళ్ళవి."

మిషను డ్రైవరు కూడా నవ్వాడు. సరే, చివర్న చూద్దాంలే అని ఆ చెక్క వదిలేసి చుట్టూ మొదలుపెట్టారు.

పొక్లెయిను తవ్వుతుంటే ఊరు ఊరంతా చూడ్డానికి పోయింది. మా తాతలు బతుకంతా తీసినంత ఇసుక అది పొద్దుటికీ మధ్యాహ్నానికీ మధ్యలో తీసింది. చెక్క తర్వాత చెక్క. చెప్పినట్టే పైమన్ను పక్కకు లాగారు, చెప్పినట్టే పరిచారు. టిప్పర్లు తెనాలి పోయాయి, ఖాళీగా వచ్చాయి, మళ్ళీ పోయాయి. చుండూరు దాటేటప్పుడు రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళు దుమ్ముకు తిడుతున్నారని డ్రైవర్లు చెబితే మాకు నవ్వొచ్చింది.

ఇక్కడ కొలత దిమ్మ గురించి చెప్పాలి. మట్టిపని చేసిన ప్రతివాడికీ తెలుసు. ఉపాధి పనిలో చెరువు తవ్వినా, సొంతానికి మెరక తీసినా, మడి మధ్యలో కొంచెం చోటు తవ్వకుండా వదులుతాం. చుట్టూ దిగిపోయాక అది ఒక స్తంభంలా నిలబడుతుంది. దాని నెత్తి మీద పాత గడ్డి అట్లాగే ఉంటుంది. గడ్డి నుంచి కిందికి టేపు వేస్తే ఎంత తవ్వామో తేలుతుంది. కొలత అయ్యాక దాన్ని పడగొడతాం. దిమ్మ కొట్టారంటే పని ముగిసినట్టు, ఇక ఒకరినొకరు అడిగేదేం లేనట్టు. ఆరోజు పొలంవాడు కూలీలకు అన్నం పెట్టాలి. అది మా వైపు ఆనవాయితీ.

శివనాగరాజుకు ఆ ఆనవాయితీ తెలుసు. మాకంటే బాగా తెలుసు. ప్రతి చెక్కలో దిమ్మలు నిలబెట్టించాడు. నడుము లోతు అందరికీ చూపించాడు. "దిమ్మ కొట్టే రోజు భోజనాలు నావి బాబాయ్," అన్నాడు. రేపల్లె నుంచి బిర్యానీ దేగిశాలు దిగాయి. మేం పారలు పట్టుకుని పోటీలు పడి దిమ్మలు పడగొట్టాం. కోటిలింగం తన దిమ్మను ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. లుంగీ ఎగ్గట్టి ఒక్కడే కొట్టాడు. కొట్టిన చోట నిలబడి ఫోటో కూడా తీయించుకున్నాడు. ట్రాక్టరు తిరగడానికి అడ్డంగా ఆ దిబ్బలు ఉంచుకునే రైతు ఎవడూ ఉండడు. కొట్టేయాలి, కొట్టేశాం. ఆ మధ్యాహ్నం మెరకలో పాత గడ్డి మిగిలింది ఒక్క రూతు చెక్క మీదే.

ఆ సార్వాకు, అంటే వానాకాలం పంటకు, కాలవ నీళ్ళు పొలాల్లోకి వచ్చాయి. నిజంగానే వచ్చాయి. కోటిలింగం గట్టు మీద కూర్చుని నీళ్ళొస్తున్న వైపే చూస్తూ టిఫిన్ కూడా మర్చిపోయాడు. కాని వచ్చిన నీళ్ళు నిలవలేదు. కింద ఉన్నది ఇసుక కదా. పొద్దున పెడితే సాయంత్రానికి తడి మాత్రం మిగిలేది. వరి ఎదిగీ ఎదగనట్టు ఉంది.

కృపారావు మళ్ళీ వచ్చాడు. శివనాగరాజు కూడా.

"ఇసకలో నీళ్ళెట్టా నిలుస్తాయి బాబాయ్? ఇంకొక్క దఫా తీద్దాం. తీసినచోట రేగడి తెచ్చి పోయిస్తా. చెరువు మన్ను. అప్పుడు చూడు నీ చేను."

కోటిలింగం ఒప్పుకున్నాడు. అతని వెనక అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే కుదరదు కూడా. పక్కచెక్క దిగితే మన చెక్కలో నీళ్ళు అటు లాగేస్తాయి. ఒకడు దిగితే అందరూ దిగాల్సిందే.

ఈసారి దిమ్మలు లేవు. ఎవడూ అడగలేదు. ఈసారి చెక్క తర్వాత చెక్క అనే మాట కూడా లేదు. మళ్ళీ ఒలిచి పోసిన పైమన్ను కుప్పలు ముందే లేచిపోయాయి, ఇటుక బట్టీలకు పోయాయన్నారు. మిషను ఒక చివర దిగి రెండో చివరదాకా ఏకంగా తోడుకుంటూ పోయింది. దాని మెడ కూడా పైకి కనపడనంత లోతు. రేగడి లారీ ఒక్కటీ రాలేదు. వచ్చింది ఉప్పు నీళ్ళు. గుంటల అడుగున చెమట పట్టినట్టు మొదలై, మోకాళ్ళదాకా, తర్వాత మనిషి లోతు. పల్లం అడిగాం, చెరువు ఇచ్చాడు. అదీ గొడ్లు మూతి పెట్టని చెరువు.

మధ్యలో రూతు చెక్క మిగిలింది. నాలుగు పక్కలా నిలువునా కోసిన గోడలు, చుట్టూ నీళ్ళు, రోడ్డుకు కలిపే ఆ ఒక్క బాట. దాని మీద పూల మడులు, దొరువు, మూలన ఒక తాటి మొద్దు. దూరం నుంచి చూస్తే పళ్ళెంలో కేకు ముక్కలా ఉండేది.

కోటిలింగం, ఇంకొందరు రైతులు బాపట్ల పోయి అర్జీ ఇచ్చారు. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడట.

"ఎంత లోతు తవ్వారండి?"

కోటిలింగం చెయ్యి నెత్తి మీదికి ఎత్తి, చాలక మునివేళ్ళ మీద లేచాడు.

"సరేనండి, ఎక్కణ్ణుంచి అంత?"

"పైనుంచండి."

"పైన ఎక్కడుంది?"

కోటిలింగం ఎత్తిన చెయ్యి దించాడు. శివనాగరాజు అప్పటికే తన జవాబు ఇచ్చేశాడు. అవి పాత రొయ్యల చెరువులు, మొదట్నుంచీ పల్లమే, నేను పూడిక తీసి గట్లు సర్దాను అని. సాక్ష్యం అడిగితే బిర్యానీ రోజు ఫోటోలు చూపించాడు. ఫోటోల్లో మేమంతా చదునైన పల్లంలో నిలబడి నవ్వుతున్నాం.

"మంగళవారం వచ్చి చూస్తాం. ఏముంటే అది రాస్తాం," అన్నాడు అధికారి. ఆ మాట రెండు పక్షాలకీ చెప్పారు.

శనివారం పొద్దున కృపారావు మందిరం అరుగు మీదికి వచ్చాడు. తెల్లచొక్కా లేదు. వదిన ముందు నిలబడి చెప్పాడు.

"వదినా, నీ చెక్క తీయిస్తానన్నావుగా. రేపు తీస్తారు. తీసినందుకు పల్లెలో వాటర్ ప్లాంటు పెడతానన్నాడు. మిషను తెనాల్లో లారీ ఎక్కించి రెడీగా ఉంది. నీ ఒక్కదానికే కాదు, పల్లె మొత్తానికి నీళ్ళు."

"రేపే ఎందుకు?" అంది రూతు.

"ఖాళీ ఉందంట."

"మిషను ఖాళీ ఉందనా, మంగళారం లోపు తీసేయాలనా?"

అక్కడున్న వాళ్ళందరికీ సంగతి తెలుసు. మెరకలో మిగిలిన పాత గడ్డి ఆవిడ చెక్క మీదే ఉంది. ఆ ముక్క నిలబడితే మేం పోగొట్టుకున్న ఎత్తు కంటికి కనిపిస్తుంది. అది కూడా పోతే చెరువులు చెరువులే.

కాని నీళ్ళ ప్లాంటు చిన్న మాట కాదు. అరుగు మీద గొడవ మొదలైంది. "పిల్లలకి నీళ్ళన్నా వస్తాయి గదా, ఇచ్చేయ్ రూతమ్మా" అన్నవాళ్ళలో సగంమంది ఆవిడ చుట్టాలే. "పొలం పోయింది రైతులది, వాళ్ళ గొడవకి మన నీళ్ళెందుకు?" అని ఒకావిడ కోటిలింగం మొహం మీదే అడిగింది. అతను తల వంచుకున్నాడు. అడగాల్సిన మాటే. దిమ్మ కొట్టిన రోజు బిర్యానీ రైతులంతా తిన్నాక, చివర్న పల్లెకు వచ్చింది, అడుగు అన్నం.

పేరంటాలు చేపల బుట్ట దించుకుని వింటోంది.

"మా రేవులో ఇట్టాగే ఒకాయన ప్లాంటు పెట్టాడమ్మా," అంది. "రిబ్బను కత్తిరించాడు, గ్లాసుతో తాగి చూపించాడు. ఇప్పుడందులో మా కోళ్ళు గుడ్లు పెడతన్నాయి. గుడ్లు మాత్రం మంచియ్యే."

కొందరు నవ్వారు. కృపారావు కోపంగా వదిన వైపు తిరిగాడు.

"వాళ్ళ మాటలకేంటి వదినా. నీ దొరువు సంగతి చూసుకో. చుట్టూ ఉప్పు నిలబడ్డాక అది ఎన్నాళ్ళు తీపిగా ఉంటది? ఎండలు ముదిరితే అదీ చెడిపోద్ది. అప్పుడు దొరువూ ఉండదు, ప్లాంటూ ఉండదు."

అతను చెప్పింది నిజం. రూతు లేచి ఇంట్లోకి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆ పొద్దున తోడినవి. తాను గుక్కెడు తాగి, పక్కావిడకు ఇచ్చింది. చెంబు అరుగంతా తిరిగింది. నీళ్ళలో అప్పుడే సన్నగా ఉప్పు తగిలింది. అంతకు ముందు వారం ఎవరింట్లో పప్పు ఉడకలేదో వాళ్ళకు ఇప్పుడు కారణం తెలిసింది.

"ఎట్టాగూ పోయేదే గదా," అంది రూతు. "పోయేదాన్ని వాడికి అమ్మటమెందుకు? మనమే వాడుకుందాం."

"వాడుకోటం అంటే?"

"బాట కొట్టేద్దాం."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ చేత్తో చూపించింది. బాటకు ఈ పక్కన నీళ్ళు, ఆ పక్కన నీళ్ళు. మధ్యలో తెంపితే రెండూ కలుస్తాయి. చెక్క చుట్టూ నీళ్ళే. గుంటల్లోకి మిషను దిగదు, మునుగుతుంది. బాట లేకపోతే రోడ్డు మీంచి రాదు. పూడ్చుకుంటూ రావాలంటే వాడికి మట్టి కావాలి, మట్టి వాడే తెనాలి తోలేశాడు.

"మరి నీళ్ళకి మనమెట్టా పోతాం?" అని అడిగింది ఇందాకటి ఆవిడ.

"పోం," అంది రూతు.

అదీ అసలు ప్రశ్న. ఎండాకాలం వచ్చేదాకా తాగగలిగిన నీళ్ళను ఇప్పుడే వదిలేసుకోవాలి. ఎందుకంటే మంగళవారం ఎవరో టేపు పట్టుకొస్తారు. వచ్చి రాస్తారో లేదో, రాస్తే పూడుస్తారో లేదో ఎవరికీ తెలియదు. చాలాసేపు తిట్టుకున్నారు. చివరికి ఒకావిడ లేచి, "ఉన్నయ్యన్నీ నింపుకుందాం పదండి" అని బిందె తీసుకుని బయల్దేరింది. మిగతావాళ్ళు గొణుక్కుంటూనే వెనక నడిచారు. కొందరు రాలేదు. వాళ్ళు ఇప్పటికీ రూతుతో మాట్లాడరు.

ఆరోజంతా నీళ్ళు మోశారు. బిందెలు, డ్రమ్ములు, కుడితి తొట్లు కడిగి అవి కూడా. పాస్టరు ఎబినేజర్ గారు మందిరం వెనక బాప్తిస్మం తొట్టి చూపించి, "దీన్లో కూడా పోయండమ్మా, ఈ నెల ఎవరూ మునగట్లేదులే" అన్నాడు.

ఆదివారం తెల్లారుతుండగా పారలు పట్టుకుని పోయారు. ఉపాధి పనుల్లో చెరువులు తవ్విన చేతులు. ఇద్దరు తవ్వుతుంటే ఇద్దరు తట్టలెత్తారు. ఇసుక గట్టు, తేలిగ్గానే తెగింది. కోటిలింగం కూడా పార తెచ్చుకున్నాడు. "నాక్కూడా ఒక వైపు ఇవ్వండమ్మా" అన్నాడు.

"కొట్టటంలో నీకు అలవాటుందిగా," అంది పేరంటాలు. అతను పార దించాడు.

రూతు చెక్క వైపు నిలబడి తవ్వింది. నీళ్ళు రెండు వైపుల నుంచీ వచ్చి కలుసుకున్నాక గాని, ఆవిడ అవతలే ఉండిపోయిందని ఎవరూ చూసుకోలేదు.

"అక్కా, నువ్వెట్టా వస్తావ్?"

"నేనిప్పుడు రాను. నా చెక్కలో నేనుంటా."

మందిరం గంట కొట్టారు. అందరూ ఆరాధనకు పోయారు. శివనాగరాజు ఆదివారం ఎంచుకున్నదే అందుకు, పల్లె మొత్తం పాటల్లో ఉంటుందని. లారీ మీద పొక్లెయిను, వెనక కారు, కారులో అతనూ కృపారావూ వచ్చారు. బాట దగ్గర ఆగి దిగారు. తెగిన చోట నీళ్ళు కదులుతున్నాయి. అవతల రూతు ఒడి కట్టుకుని పూలు కోస్తోంది.

"ఏంటమ్మా ఇది? ఎవరు కొట్టారు?"

"మేవేనండి."

"నీ బాట నువ్వే కొట్టుకుంటే ఎట్టా పోతావ్ బయటికి?"

"ఇప్పుడు పోయే పనేం లేదండి."

అతను కృపారావు వైపు చూశాడు. "వెళ్ళి మాట్లాడు."

"నాకు ఈత రాదండి," అన్నాడు కృపారావు.

శివనాగరాజు చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. ఒక డీజిలింజను తెప్పించి నీళ్ళు తోడించాడు. గుంటలన్నీ తానే కలిపి తవ్వించాడు కదా, ఒక చోట తోడితే ఇంకో చోటి నుంచి వచ్చింది. మధ్యాహ్నానికి ఇంజను పొగ తప్ప ఏమీ తగ్గలేదు. ఆరాధన అయిపోయి జనం వచ్చి గట్టు మీద నిలబడ్డారు. అతను కారెక్కబోతూ చివరిసారి అడిగాడు.

"అమ్మా, పూలు అయిపోయాక తీయమన్నావ్. మాటన్నావా లేదా?"

"అన్నానండి," అంది రూతు. "ఇంకా అయిపోలేదు."

మంగళవారం అధికారులు వచ్చారు. పేరంటాలు మొగుడు థర్మోకోల్ తెప్ప తెచ్చాడు. బూట్లు చేతిలో పట్టుకుని, ఒక్కొక్కరే దాని మీద కూర్చుని అవతలికి పోయారు. పాత గడ్డి చూశారు. తాటి మొద్దు వేళ్ళు ఎక్కణ్ణుంచి మొదలయ్యాయో చూశారు. దొరువు చూశారు. రొయ్యల చెరువు మధ్యలో తీపి నీళ్ళ దొరువు ఎవడు తవ్వుకుంటాడని వాళ్ళలో ఒకాయనే అన్నాడు. అంచు నుంచి టేపు వదిలారు. పర్మిషను నడుము లోతుకు. టేపు నీళ్ళలో మునిగి, అడుగు తగిలేసరికి మా పెంకుటిళ్ళ కప్పులంత ఎత్తు తేలింది. ఉన్నది ఉన్నట్టు రాసుకున్నారు. కోటిలింగం గట్టు మీద నిలబడి, రాస్తున్న పెన్ను వైపే చూస్తున్నాడు.

తవ్వకం ఆగింది. మిషన్లు పోయాయి. పూడ్చి ఇవ్వమని శివనాగరాజుకు నోటీసు వచ్చింది. అతను కోర్టుకు పోయాడు. ఈ మాట రాసేనాటికి ఒక్క లారీ మట్టి పడలేదు. ఇక్కడ గెలుపు ఉందని ఎవరైనా అంటే ఒకసారి వచ్చి గుంటలు చూడమనండి.

దొరువు ఎండాకాలం దాకా ఆగలేదు, ముందే ఉప్పెక్కింది. కనకాంబరాలు మాడిపోయాయి. రూతు ఇప్పుడు భట్టిప్రోలు వైపు కూలికి పోతోంది, కలుపుకూ నాట్లకూ. పల్లెకు నీళ్ళు క్యాన్లలో ఆటో మీద వస్తాయి. ఆ ఆటో తోలేది కృపారావు. తెనాలి పని పోయింది, పాత ఆటోకే వచ్చాడు. క్యాను దించేటప్పుడు కొందరు ఆడవాళ్ళు అతన్ని ఇంకా "ప్లాంటు సారు" అంటారు. పడతాడు.

పని లేని రోజున రూతు గాలి నింపిన లారీ ట్యూబు మీద తేలుతూ తన చెక్కకు పోతుంది. చుట్టూ గోడలు జారుతున్నాయి. ప్రతి వానకూ కొంచెం నీళ్ళలో పడుతోంది. కోర్టు తేలేలోపు అదే కరిగిపోతే మళ్ళీ "పైన ఎక్కడుంది" అని అడుగుతారు. అందుకని ఆవిడ అంచుల వెంబడి సర్వి, అదే సరుగుడు, మొక్కలు వేసింది. సర్వి ఉప్పుకు ఓర్చుకుంటుంది. నెత్తి మీది గడ్డిని మాత్రం ముట్టుకోదు, ఎవర్నీ ముట్టుకోనివ్వదు. మేకను తోలుకొస్తానన్న చుట్టాన్ని కూడా తిట్టి పంపింది.

మొన్న కోటిలింగం గట్టు మీంచి కేకేశాడు.

"రూతమ్మా, ఎంత కాలం కాస్తావమ్మా దీన్ని? కొలిచారుగా, రాసుకున్నారుగా!"

ఆవిడ మొక్క పాదులో చెయ్యి తీయకుండానే జవాబిచ్చింది.

"పూడ్చిన రోజున కొడదాం లింగం గారూ. ఆ రోజు బిర్యానీ మాత్రం మీరు పెట్టాలి. ఈసారి పల్లెకి ముందు."

"పెడతానమ్మా," అన్నాడు కోటిలింగం. నీళ్ళ మీదుగా ఆ మాట ఆవిడకు వినపడిందో లేదో. ఆవిడ తల ఎత్తలేదు, ఇంకో మొక్క తీసుకుంది.